పెడల్ వదిలిందా, లేదా

నా పెద్ద బిడ్డ ఇక లేదన్న సంగతి నాకు ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. తెలంగాణ కోసం జరిగిన ఒక బంద్ రోజు పొద్దున, ఇంకా ఎండ రాకముందే మా ఆయన ఫోన్ మోగింది. చేసింది మేం కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరు సారు. "హాస్పిటల్‌కి రండి, కంగారు పడకండి" అన్నారట. కంగారు పడొద్దని చెప్పే ఫోన్‌ను నేను ఎప్పుడూ నమ్మలేదు. మా ఆయన ఆటో తీశాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో జెండాలు పట్టుకున్న వాళ్లు ఆటోకు అడ్డం వచ్చారు. లోపల నా ముఖం చూసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగారు.

దవాఖాన మెట్ల మీద ఒక కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. "ఆ సైకిల్ పిల్ల తల్లివా అమ్మా?" అని అడిగాడు. అవునన్నాను.

"నీళ్ల ట్యాంకర్ గుద్దింది. కాళ్లు పెడళ్లకు బిగిచ్చుకున్నదంట గదా, గందుకే దునకరాలే" అన్నాడు.

ఓదార్పుగానే చెప్పి ఉంటాడు. కానీ 'గందుకే' అన్న ఆ ఒక్క మాటతో నాకు అంతా తెలిసిపోయింది. లోపలికి పోయి చూసేసరికి నేను తెలుసుకోవలసింది ఒక్కటే మిగిలింది. నా బిడ్డ కాళ్లను ఆ పెడళ్లు వదిలాయా, లేదా.

ఆమెతో పొద్దున్నే సైకిల్ తొక్కే పిల్లలు ఆమె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నామని, నన్ను కూడా రాయమని అడిగారు. నేను ఏడో తరగతి దాకా చదివాను. జాకెట్లు కుట్టే చేయి ఇది, రాసే చేయి కాదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. మాది నల్లగొండ పక్క పల్లె. మా ఆయన ఆటో నడుపుతాడు. ఎల్బీనగర్‌లో ఈ ఇంటి కింది పోర్షన్‌కు వచ్చినప్పుడు నా బిడ్డ ఇంకా చదువుకుంటోంది. పోయేనాటికి కొత్తపేటలో ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. పిల్లలు ఆమెను మిస్ అనేవారు. బజార్లో ఎవరైనా "మిస్" అని పిలిస్తే ఇద్దరమూ వెనక్కి తిరిగేవాళ్లం, ఆమె సిగ్గుతో, నేను గర్వంతో.

బడికి మామూలు లేడీస్ సైకిల్ మీద పోయేది. మీద పోర్షన్‌లో ఉండే ఓనరు సారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతారు. కోస్తా నుంచి వచ్చిన వాళ్లు. ఆయనకు సైకిల్ పిచ్చి. చీకటితో లేచి, నున్నటి బిగుతు బట్టలు వేసుకుని, కొమ్ములు కిందికి వంచిన సైకిల్ మీద పోయేవారు. మా బస్తీలో ఆయనను చూసి నవ్వనివాళ్లు లేరు. నా బిడ్డ మాత్రం నవ్వలేదు. గేటు దగ్గర ఆపి, "సార్, ఇది ఎంత స్పీడ్ పోతది?" అని అడిగింది. నా పరేషానీ అక్కడ మొదలైంది.

కొన్నాళ్లకు ఆయన స్నేహితుడొకరు వాడి వదిలేసిన సన్న టైర్ల సైకిల్ ఒకటి ఆమెకు దొరికింది. ఇక మా ఇంట్లో పొద్దులు మారిపోయాయి. చద్దన్నంలో పెరుగు, ఉల్లిగడ్డ కలుపుకుని నిలబడే తినేది. మీర్‌పేట్ మీదుగా నాదర్‌గుల్ దాకా పోయి, అక్కడ నేర్చుకునేవాళ్లు నడిపే చిన్న విమానాలు లేస్తుంటే చూసి వచ్చేది. వచ్చాక తడిసిన సాక్సులు నా కుట్టు మిషన్ చక్రానికి ఆరేసేది. "ఓసి, గిరాకీల జాకెట్లకు చెమట వాసన వస్తది" అని నేను తిడితే, "వాళ్లకు గూడ జర సైకిల్ వాసన తగలనీ అమ్మా" అనేది.

ఒకనాడు సారు భార్య, మేం ఓనరమ్మ అనే ఆమె, ఒక అట్టపెట్టె పట్టుకుని కిందికి దిగింది. అందులో ఒక జత తెల్ల బూట్లు, ఒక జత పెడళ్లు. బూట్ల అడుగున మూడు మరలతో బిగించిన పెద్ద ప్లాస్టిక్ బిళ్లలు ఉన్నాయి.

"మీ అమ్మాయి సైజు నా సైజే కదమ్మా. ఉంచండి. ఆయన నా కోసం తెచ్చారు. ఒక్కసారి ఎక్కాను, గేటు దాటకుండానే పడ్డాను. మళ్లీ ముట్టుకుంటే ఒట్టు" అంది.

నేను బూటు తిరగేసి చూశాను. కాలు పెట్టగానే పెడల్ ఆ బిళ్లను పట్టుకుంటుందట. వాటిని క్లిప్‌లెస్ పెడళ్లు అంటారని సారు మెట్ల మీద నుంచే చెప్పారు. అలా పట్టుకుంటే కాలు కిందికి తొక్కినప్పుడే కాదు, పైకి లేచేటప్పుడు కూడా సైకిల్‌కు పని చేస్తుందట. గుంతల మీద కాలు జారదట. ఆయన మాటలు వింటున్నాను గానీ నా మనసు ఓనరమ్మ మాట దగ్గరే ఆగింది. ఆమె భయపడి వదిలేసిన వస్తువు నా బిడ్డ కాళ్లకెందుకు? ఊరికే ఎందుకు ఇస్తున్నారు? అప్పుడు బయట ఎక్కడ విన్నా మనవాళ్లు, వాళ్లవాళ్లు అన్న మాటలే. రోజూ నవ్వుతూ పలకరించే మనిషి చేతిలో పెట్టె కూడా అనుమానంగా కనిపించే రోజులు.

నా బిడ్డ ఆ బూట్లు వేసుకుని రెండు వారాలు తిరిగింది. అడుగున బిళ్ల పొడుచుకు వచ్చి ఉండటంతో బాతులాగ నడిచేది. ఓనరమ్మ గచ్చు మీద టకటక చప్పుడు, గీతలు. ఒకసారి మెట్ల మీద జారి కూలబడింది. పెట్టె పట్టుకుని పైకి పోయి తిరిగి ఇచ్చేసింది. నేను కూడా వెంటే పోయాను.

"రోడ్డు సైకిల్‌కి ఇవే కరెక్టమ్మా. బిళ్ల వెడల్పుగా ఉంటుంది, ఎంతసేపు తొక్కినా పాదం మంట రాదు" అన్నారు సారు.

"నిజమే సార్. కానీ నేను మధ్య మధ్యల దిగుత. బడి కాడ దిగుత, ఛాయ్ కాడ దిగుత, ఎవరన్న పంక్చర్ అయ్యి నిలబడితే దిగుత. నాకు నడిచే బూట్లు కావాలె."

"రేసులో ఎవరూ దిగరు."

"నేను రేసుకు పోతలేను సార్. బడికి పోతున్న."

ఓనరమ్మ గట్టిగా నవ్వింది. సారు కూడా ఓడిపోయినట్టు తల ఊపారు. నా బిడ్డ తన జీతంతో రెండో రకం కొనుక్కుంది. వాటికి రెండే మరలు, చిన్న ఇనుప బిళ్ల. అది అడుగున గుంతలో దాక్కుని ఉంటుంది, నేలకు తగలదు. చూస్తే మామూలు బూట్లే.

బిళ్లను ఎక్కడ బిగించాలో కూడా ఒక లెక్క ఉందట. అది తప్పితే మోకాలు నొప్పి పుడుతుందట. సారు ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, కాళ్లు వదులుగా వేలాడేయమన్నారు. పాదాలు సహజంగా ఎటు చూస్తే బిళ్లను అటే తిప్పి బిగించాలన్నారు. ఆడపిల్ల కాళ్లను అంతసేపు చూడటం ఏమిటని నేను అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆయన కొలబద్దతో బూటునే కొలిచారు గానీ కాలిని ముట్టుకోలేదు. బొటనవేలి మొదట్లో ఉండే ఎముక కిందికి బిళ్ల వచ్చేలా సర్ది బిగించారు. పెడల్ పక్కన ఉన్న చిన్న మర చూపించి, అది బిగిస్తే పట్టు పెరుగుతుందని, వదులు చేస్తే తేలికగా వస్తుందని, కొత్తలో బాగా వదులుగా ఉంచుకోవాలని చెప్పారు. ఆ మరను నేను మరిచిపోలేదు.

తర్వాత కొన్నాళ్లు ప్రహరీ గోడ పట్టుకుని సాధన చేసింది. నేను కిటికీ దగ్గర మిషన్ తొక్కుతూ చూసేదాన్ని. బిళ్ల ముందుభాగం పెడల్‌లో పెట్టి నొక్కితే టక్కున పడేది. మడమ బయటికి తిప్పితే టక్కున ఊడేది. జాకెట్‌కు వేసే టిచ్ బటన్ లాంటిదే అనుకున్నాను. టిచ్ బటన్ కొత్తలో బాగానే ఉంటుంది. తుప్పు పడితే పట్టుకున్నది వదలదు, గుడ్డ చినగాల్సిందే.

"ఇది కాళ్లకు సంకెళ్లు గాదా ఏందే?" అన్నాను.

"సంకెళ్ల తాళంచెవి ఎవరి కాడనో ఉంటది అమ్మా. దీని తాళంచెవి నా మడమలనే ఉన్నది."

"మడమ బెణికితే?"

"నీకు జాకెట్ కుట్టేటప్పుడు గూడ గిన్ని అనుమానాలు వస్తయా? సూది వేలుకు గుచ్చుకుంటే, దారం గొంతుకు సుట్టుకుంటే అని?"

నాకు మాత్రం నమ్మకం రాలేదు.

ఆ ఏడాది దసరాకు ఆటోకు, కుట్టు మిషన్‌కు, సైకిల్‌కు పూజ చేశాం. నేను హ్యాండిల్‌కు బొట్టు పెట్టి, అంతటితో ఆగకుండా పెడళ్లకు కూడా పసుపు, కుంకుమ దట్టంగా పూశాను. కాళ్లను పట్టుకునేది అదే కదా, దానికే ముందు మొక్కాలనిపించింది. మరునాడు స్ప్రింగులో పసుపు గట్టిపడి బిళ్ల పడనే లేదు. పాత టూత్‌బ్రష్, కిరోసిన్ పట్టుకుని పొద్దంతా తోముతూ, "దేవునికి మొక్కు అమ్మా, స్ప్రింగుకు మొక్కకు. దీనికి చుక్క నూనె చాలు" అంది. అప్పటి నుంచి వారం వారం తనే తుడిచి నూనె వేసేది.

ఆమె పడటం నేను కళ్లారా చూసింది ఒక్కసారే. చౌరస్తా దగ్గర వంటావార్పు రోజు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి మేం ఆడవాళ్లం అన్నం, పప్పుచారు వండుతున్నాం. డప్పులు మోగుతున్నాయి. నా బిడ్డ బడి నుంచి వస్తూ, గుంపులో నన్ను చూసి, నవ్వుతూ ఆగింది. ఆగింది గానీ మడమ తిప్పడం మరిచింది. సైకిల్‌తో సహా మెల్లగా, చాలా మెల్లగా ఎడమవైపు ఒరిగి టమాటల గంప మీద పడింది.

"అయ్యో! ఎవరు నూకిన్రు? పోలీసోళ్లా?" అని ఒకామె గరిటె ఎత్తింది.

"ఎవ్వరు నూకలే. నవ్వుకుంట నవ్వుకుంట పడ్డది" అంది ఇంకొకామె.

"సూడుండ్రే, పడ్డంక గూడ సైకిల్‌ను ఇడుస్తలేదు! ఇగ పెండ్లి దానితోనే చెయ్యి వదినా, పిలగాన్ని దేవులాడే పని తప్పుతది."

అందరూ నవ్వారు, ఆమె కూడా పడుకునే నవ్వింది. నేను మాత్రం ఆమె కాళ్లు చూశాను. మనిషి నేల మీద ఉంది, కాళ్లు ఇంకా పెడళ్లకే అతుక్కుని ఉన్నాయి. తర్వాత లేచి, చీలిన టమాట అంటిన చేతులు దులుపుకుంటూ నాకు పాఠం చెప్పినట్టు చెప్పింది. "ఆగినంక తియ్యొద్దు అమ్మా, ఆగకముందే తియ్యాలె. ఎడమ కాలే తియ్యాలె, పడ్డా రోడ్డు ఓరకు పడాలె గానీ బండ్ల దిక్కు పడొద్దు. మొదట్ల అందరు గిట్ల ఒకసారి పడుతరంట. నాది అయిపోయింది." కానిస్టేబుల్ ఆ మాట అన్నప్పుడు నేను వెంటనే నమ్మింది అందుకే. నేల మీద మనిషి, పెడల్ మీద కాళ్లు. నా కళ్లు చూసిన బొమ్మే కదా అది.

బంద్ రోజుల్లో హైవే ఖాళీగా ఉండేది. సారు, నా బిడ్డ, ఇంకొందరు ఆ రోజుల కోసమే ఎదురుచూసేవారు. మా ఆయనకు అది నచ్చేది కాదు.

"మనోళ్లు రోడ్డు మీద కూసోని కొట్లాడుతుంటే నువ్వు ఆళ్లతోని కలిసి షికారు చేస్తవా?"

"నేను గూడ బంద్‌ల ఉన్నట్టే నాయినా. చుక్క పెట్రోల్ కాలుస్తలేను. నువ్వే ఆటో వేసుకోని మీటింగ్‌కు పోతవు."

అతను నవ్వు ఆపుకుని చెంబు తీసుకుని బయటికి పోయేవాడు.

పోయేముందు నెలల్లో ఆమె బాగా వేగం తొక్కుతోంది. గట్టిగా తొక్కితే కాలు ఊడి వస్తోందని, పెడల్ మర కాస్త బిగించమని సారును అడిగిందట. ఆయన బిగించారట. ఇది నాకు కర్మలయ్యాక తెలిసింది, ఓనరమ్మ నోటి నుంచి, ఏడుపు మధ్యలో. అప్పటి నుంచి నాకు కూడు సయించలేదు. ఎంత బిగించాడు ఆ సారు? ఆ పొద్దున ప్రమాదం జరిగిన చోటి నుంచి సైకిల్‌ను ఎందుకు తెచ్చేశాడు? పోలీసులు ఒకసారి చూసి పంపించేశారు సరే, మా ఇంట్లో పెట్టకుండా పైకి ఎందుకు మోసుకుపోయాడు? మా ఆయనను అడిగితే, "నువ్వు చూడలేవని పైన పెట్టిండు. ఇడిసిపెట్టు" అన్నాడు. నేను విడిచిపెట్టలేదు. దవాఖానలో ఇచ్చిన ప్లాస్టిక్ కవరు తీసుకుని పైకి పోయాను. అందులో ఆమె బూట్లు ఉన్నాయి.

సైకిల్ వరండాలో గోడకు ఆనించి ఉంది. దానికి ఎక్కడా సొట్ట లేదు. చక్రం వంగలేదు. సీటు కూడా పక్కకు తిరగలేదు.

"ఇది నా బిడ్డ సైకిల్ కాదు" అన్నాను.

"అదేనమ్మా."

"ట్యాంకర్ గుద్దితే మనిషి పోయింది గానీ సైకిల్‌కు గీత పడలేదా? ఎవరికి చెప్తరు సారూ?"

సారు సైకిల్ సీటు మీద చేయి వేశారు. "నాకూ అదే అర్థం కావటం లేదమ్మా. మేమంతా చీకట్లో చాలా వెనకాల ఉన్నాం. మేం వచ్చేసరికి తను రోడ్డు మీద ఉంది, సైకిల్ పక్కన పడి ఉంది. ఇంకేం చూడలేదు."

నేను హ్యాండిల్ తిప్పి చూశాను. కింద దసరా కుంకుమ మరక అలాగే ఉంది. సైకిల్ ఆమెదే. అయినా మనసు ఊరుకోలేదు. కింద కూర్చుని ఆమె బూటు నా కాలికి వేసుకున్నాను. వేళ్లు ముడుచుకున్నా పట్టింది. సారు సైకిల్ పట్టుకున్నారు, ఓనరమ్మ నా భుజం పట్టుకుంది. పెడల్ మీద కాలు పెట్టి నొక్కాను. టక్కుమంది. పైకి లాగాను. రాలేదు. ఇంకా గట్టిగా లాగాను, సైకిల్ వెనక చక్రం నా కాలితో పాటే లేచింది.

"లాగకండమ్మా. మడమ. మడమ బయటికి తిప్పండి" అన్నారు సారు.

తిప్పాను. కాలు ఊడి వచ్చింది. చంటిపిల్ల గుప్పిట్లోంచి వేలు తీసుకున్నంత తేలిగ్గా. మళ్లీ పెట్టాను, మళ్లీ వచ్చింది. అప్పుడు నాకు ఇంకో అనుమానం పుట్టింది.

"ఈ మరను ఇప్పుడు వదులు చేసిండ్రా సారూ?"

"ముట్టుకోలేదమ్మా. దేవుడి మీద ఒట్టు."

"మీ దేవునికి తెలుసు, మీకు తెలుసు. నాకెట్ల తెలుస్తది?"

సారు ఏదో అనబోయారు. ఓనరమ్మ అడ్డం వచ్చింది. "ఏవండీ, మీరు ఊరుకోండి. ఆవిడ అడుగుతుంది, అడగనివ్వండి. మన పిల్లైతే నేను ఇంతకన్నా అడిగేదాన్ని" అంది. ఆ మాటకు నాకు కోపం కొంచెం తగ్గింది. అనుమానం తగ్గలేదు. మర చెప్పదు. సారు చెప్పింది నమ్మలేను. ఇక ప్రమాదం జరిగిన చోటికే పోవాలి అనుకున్నాను.

హయత్‌నగర్ బస్సెక్కి ఆ చోట దిగాను. రోడ్డు ఓరన ఒకామె జామకాయల బండి పెట్టుకుని ఉంది. నా వయసే ఉంటుంది. వెనక రేకుల ఇల్లు ఆమెదే. నేనెవరో చెప్పగానే కత్తి పక్కన పెట్టి, స్టూలు నా వైపు జరిపింది.

"నువ్వు చూసినవా చెల్లే?" అని అడిగాను.

"వాకిలి ఊడుస్తున్న అక్కా. చూసిన."

"దాని కాళ్లు సైకిల్‌కు ఇరికినయా?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "సైకిల్ మీద ఎక్కడుంది అక్కా? దిగింది గదా."

నేను మళ్లీ చెప్పమన్నాను.

"బంద్ అని రాత్రి రోడ్డుకు అడ్డంగ రాళ్లు పెట్టిన్రు. నీ బిడ్డ అందరికన్న ముందట వచ్చింది. రాళ్లను చూసి ఆగింది. ఒక కాలు కింద పెట్టి దిగి, సైకిల్‌ను అటు ఓరకు పండబెట్టింది. ఎనుక వచ్చేటోళ్ల దిక్కు చెయ్యి ఊపింది. ఇగ ఒక్కొక్క రాయి ఎత్తి పక్కకు పెడుతుండె. ట్యాంకరోడు రాళ్లను తప్పిచ్చుకుందామని రాంగ్ రూట్ల, ఎదురుంగ జోరుగ వచ్చిండు. నేను మొత్తుకున్న. ఇన్నదో లేదో. దాని చేతిల రాయి ఉండె అక్కా."

సైకిల్‌కు గీత ఎందుకు పడలేదో నాకు అప్పుడు అర్థమైంది.

"రాళ్లు ఎవరు పెట్టిన్రు?" అని అడిగాను.

ఆమె జామకాయ తీసుకుని తుడవడం మొదలుపెట్టింది. "గది నన్ను అడగకు. బతికేటోళ్లం. గీ రోడ్డు మీదనే బతకాలె" అంది. ఇంకో కాయ తీసుకుని, తల ఎత్తకుండా, "ఆటోలల్ల వచ్చిన్రు" అంది.

బంద్‌కు ముందు రాత్రి మా ఆయన మీటింగ్ ఉందని ఆటో తీసుకుపోయాడు. ఎటు పోయాడో నాకు తెలియదు. తెలంగాణ రావాలని నేను కూడా రోడ్డు మీద కూర్చుని అన్నం వండినదాన్నే, ఇవాళ పిలిచినా పోతాను. ఇంటికి వచ్చాక అతన్ని అడగలేదు. చెప్పులకు అంటిన ఎర్రమట్టి చూసి కూడా, ఎక్కడికి పోయి వచ్చావని అతను నన్ను అడగలేదు. అన్నం పెట్టాను. తిన్నాడు.

పైకి పోయి సారుకు మాత్రం చెప్పాను. "దాని కాళ్లు పెడల్ మీద లేవంట సారూ. దిగిందంట." ఆయన మెట్టు మీదే కూలబడి, ముఖం చేతుల్లో దాచుకున్నారు. నన్ను క్షమించమని నేను ఆయనను అడగలేదు, ఆయన కూడా ఆ మాట కోసం ఎదురుచూడలేదు. ఓనరమ్మ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది. తాగాము.

అనుమానం అంత తేలికగా చచ్చేది కాదు. పెడల్ వదిలింది, సరే. మరి ఆ బూట్లు? ఆ జామకాయలామె మొత్తుకున్నప్పుడు నా బిడ్డ ఎందుకు పరుగెత్తలేదు? ఆటల టీచరు ఆమె. బడి పిల్లలందరినీ ఓడించే కాళ్లు. అడుగున ఇనుప బిళ్ల జారిందేమో. నడవడానికే అని కొన్నది పరుగుకు పనికిరాలేదేమో. ఇది నేను ఎవరినీ అడగదలచుకోలేదు. ఎవరు చెప్పినా నమ్మను.

మరునాడు పొద్దున గల్లీలో జనం లేనప్పుడు రెండు బూట్లూ వేసుకుని, కొంగు నడుముకు బిగించి, గేటు తీసుకుని బయటికి వచ్చాను. ముందు నడిచాను. తర్వాత పరుగెత్తాను. నా వయసుకు, నా మోకాళ్లకు ఎంత పరుగో అంత. జారలేదు. తారు మీద జారలేదు, ఎవరో చల్లిన నీళ్ల మీద కూడా జారలేదు. గల్లీ చివరిదాకా పోయి, రొప్పుతూ వెనక్కి వచ్చాను. పరుగెత్తవచ్చు. ఆ బూట్లతో ఎవరైనా పరుగెత్తవచ్చు.

పక్క ఖాళీ జాగాలో పునాది రాళ్లు పడి ఉన్నాయి. నా బిడ్డ చేతిలో రాయి ఉందన్న మాట గుర్తొచ్చి, వంగి ఒకటి ఎత్తాను. పొట్టకు ఆనించుకుంటే గానీ నిలవని బరువు. దాన్ని పట్టుకుని రోడ్డు మధ్యకు వచ్చాను.

పైనుంచి ఓనరమ్మ చూసింది. "ఏవమ్మా! ఏం చేస్తున్నారు? పడెయ్యండి దాన్ని, కాలి మీద పడుతుంది!" అని కేక వేసింది.

అప్పుడే మలుపులోంచి పాలాయన స్కూటర్ జోరుగా వచ్చింది. హారన్ కొట్టాడు. నా కాళ్లు పరుగెత్తడానికి సిద్ధంగానే ఉన్నాయి. రాయి వదిలేస్తే చాలు, నేను ఇటో అటో దూకేయవచ్చు. కానీ వదిలేస్తే అది సరిగ్గా అతని చక్రం ముందే పడుతుంది. నా చేతులు వదలలేదు. వదలమని నేను చెప్పినా వినేవి కావు. రాయితోనే, దాని బరువుతోనే, చిన్న చిన్న అడుగులు వేస్తూ గోడ ఓరకు నడిచాను. అక్కడ గొంతుక్కూర్చుని, వేళ్లు నలగకుండా ఒక పక్క నుంచి మెల్లగా రాయిని నేల మీద పెట్టాను. చేతులు వెంటనే తీయబుద్ధి కాలేదు.

నా వెనక నుంచి స్కూటర్ వెళ్లిపోయింది, పాల డబ్బాల చప్పుడుతో. దారి సాఫ్‌గా ఉంది కదా, అతను వేగం కూడా తగ్గించలేదు.